మూత మీద పుట్టిన పిల్ల

పుట్టిన రోజు

ఆడపిల్ల! మా పైడికి ఆడపిల్ల పుట్టింది, తల్లీ బిడ్డా ఇద్దరూ క్షేమం, నేను తాతనయ్యాను!

అక్షరాలు వంకరపోతే పోనివ్వండి. నేను చదివింది అయిదో తరగతి. ఆ తరవాత నలభై ఏళ్ళు విజయనగరం జూట్ మిల్లులో గోనెగుడ్డ నేసిన చెయ్యి ఇది. మూత మీద ఉన్న ప్రతి మనిషీ రోజుకో పేజీ రాయాలని ఇక్కడ రూలు. మేం బాగున్నామో లేదో మన దేశం వాళ్ళు చదివి తెలుసుకోవాలట. ఇన్నాళ్ళూ తిన్నాను, పడుకున్నాను, గాలి ఎక్కువగా ఉంది అని మూడు ముక్కలు రాసి ఇచ్చేసేవాణ్ణి. ఈవేళ ఒక పేజీ ఏం చాలుతుంది?

మా మూడొందల మందిలో పురుడు పోయడం తెలిసింది శంభు పంతులు గారి భార్య ఒక్కావిడకే. ఆవిడ తలుపు తీసి, సన్యాసిరావు గారూ, మహాలక్ష్మి అంది. అంతే, గుమ్మంలోనే కూలబడ్డాను. మా అల్లుడు ఎర్రయ్య వంటశాల నుంచి పరిగెత్తుకొచ్చాడు, చేతిలో గరిట కూడా వదల్లేదు. పిల్ల ఎర్రగా, ఒళ్ళంతా ముడతలతో, ఎవరో నిద్ర చెడగొట్టినట్టు కోపంగా ఉంది. ముక్కు అచ్చం మా ఆవిడ సింహాచలంది. మా అల్లుడేమో వాళ్ళ అమ్మ ముక్కంటాడు. అననీ.

పొత్తిగుడ్డలు నేనే ఉతికి గాలిగొట్టం దగ్గర ఆరేశాను. మూత అంటే గోతి మీది కప్పు, దాని కింద ఈ దేశం వాళ్ళ బాంబులున్నాయి. అవి వేడెక్కకుండా పగలూ రాత్రీ లోపల గాలి ఊదుతారు. ఆ గాలి వెచ్చబడి గొట్టంలోంచి పైకొస్తుంది. ఈ చలిదేశంలో పసిబిడ్డ గుడ్డలు ఆరడానికి అంతకన్నా మంచి చోటు లేదు. తెల్లటి గుడ్డలు వరసగా రెపరెపలాడుతుంటే పండగ తోరణాల్లా కనిపించాయి. ఇవాళ నాకేది చూసినా అలాగే ఉంది.

రెండో రోజు

పొద్దున్నే పిల్లని దుప్పట్లో చుట్టి నాతోపాటు పిలుపుకి తీసుకెళ్ళాను. పైడి నిద్రపోతోంది. అడగలేదు.

పిలుపంటే ఇది. తెల్లవారగానే అందరం మైకు బిగించిన ఇనుప గొట్టం ముందు వరసగా నిలబడతాం. ఒక్కొక్కరం అందులోకి నోరుపెట్టి ఉన్నాను అనాలి. ఆ గొంతు తీగ మీద మన దేశం చేరుతుంది. అక్కడ మన ఊరి రచ్చల్లో, హోటళ్ళలో, ఇళ్ళలో రేడియో పెట్టుకుని మనవాళ్ళు వింటారు. సింహాచలం నా గొంతు విన్నాకే కాఫీ తాగుతుందట. అలాగే మన బాంబుల మూత మీద వీళ్ళ జనం మూడొందల మంది ఉన్నారు. వాళ్ళూ పిలుపు చెప్తారు. ఎవరు అవతలి దేశం మీద బాంబు వేసినా ముందు అక్కడున్న సొంతవాళ్ళే కాలిపోతారు కాబట్టి ఎవరూ ఆ పని చేయరని పెద్దల ఆలోచన. మమ్మల్ని పూచీ మనుషులంటారు. ఇంటికి ముగ్గురు రావాలని చీటీలు వేశారు. మా ఆవిడకి మోకాళ్ళు సాగవు, అందుకని నేను, కూతురు, అల్లుడు వచ్చాం.

నా వంతు రాగానే ఉన్నాను అన్నాను. ఆ వెంటనే పిల్ల మొహం గొట్టం ముందు పెట్టాను. ఇనుము చల్లదనానికో ఏమో, కెవ్వుమంది. వరసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. మన ఊళ్ళో అందరూ విని ఉంటారు. సింహాచలం కాఫీ గ్లాసు కింద పెట్టేసి ఉంటుంది.

మధ్యాహ్నం తెల్మిక్ బాబు మా గదికి వచ్చాడు. ఈ దేశం కుర్రాడు, పిలుపు లెక్కలకి అధికారి. మన భాష బళ్ళో పుస్తకాలు చూసి నేర్చుకున్నాడు, అందుకని అలాగే మాట్లాడతాడు.

"తాతగారూ, శుభాకాంక్షలు. యంత్రము మూడు వందల ఒకటి కంఠములు చూపుచున్నది."

మూతకి మూడొందల మందే ఉండాలట. ఒకరు ఎక్కువైతే అందరిలోకీ పెద్దవాళ్ళని ఇంటికి పంపాలట. పెద్దవాణ్ణి నేనే. నేను ఇంటికి పోతాను! తెల్మిక్ బాబుని కావలించుకున్నాను. పాపం ఆ కుర్రాడు సిగ్గుపడి టోపీ పారేసుకున్నాడు. ఒక్కరోజు తేడాలో రెండు శుభవార్తలు. ఏ జన్మలో చేసుకున్న పుణ్యమో.

అయిదో రోజు

మూత మీద ఉన్నవాళ్ళంతా నా దగ్గరికే వస్తున్నారు. మా అమ్మకి చెప్పు, మా వాడి పెళ్ళి అయిందో లేదో కనుక్కో, మా ఆవు ఈనిందేమో చూడు అని ఒకటే అప్పగింతలు. అన్నిటికీ సరే సరే అన్నాను. గోనెసంచి విప్పి పిల్లకి ఉయ్యాల నేస్తున్నాను, పోయేలోపు పూర్తి చేద్దామని.

పైడి మాత్రం గోడ వైపు తిరిగి పడుకుంటోంది. బాలింత నీరసం అనుకున్నాను. సాయంత్రం పిల్లకి పాలిస్తూ తల ఎత్తకుండా అడిగింది.

"నువ్వెళ్ళిపోతే నీ సోటులో ఎవలు నిలబడతారు నానా?"

"కొత్తగా ఒక మనిషి వొచ్చీసింది కదే. లెక్క సరిపోనాది."

"ఆ వొచ్చిన మనిషి ఇది కాదేటి?"

చేతిలో పురికొస అలాగే ఉండిపోయింది. నిజంగా చెబుతున్నాను, అప్పటిదాకా నాకు తట్టలేదు. ఒకటి ఎక్కువ అంటే ఒకటి ఎక్కువ అనుకున్నానేగాని ఆ ఒకటి ఎవరో ఆలోచించలేదు. పూచీ మనిషి మూత దిగేది ముసలాడయ్యాక, అదీ పైన ఎవరైనా ఎక్కువైతేనే. అంటే నా మనవరాలు నా అంత అయ్యేదాకా ఇక్కడే. కింద బాంబులు, చుట్టూ గోడ, ఏడాదంతా ఇదే గాలి. ఎప్పుడైనా ఆ పెద్దల ఆలోచన తప్పితే ముందుగా పోయేది అదే.

"మైకు కనిపిస్తే సాలు, మా నాన్నకి ఊరంతా సుట్టాలే" అంది పైడి, నేను పిల్లని గొట్టం ముందు పెట్టిన సంగతి ఎత్తుతూ. తిట్టిందో ఏడ్చిందో తెలియలేదు. ఎర్రయ్య లేచి పొత్తిగుడ్డలు తేవడానికి పోయాడు.

తొమ్మిదో రోజు

ఇంకో సంగతి కూడా తెలియక చేశాను. యంత్రం ఒకసారి విన్న గొంతుని మరచిపోదు. రోజూ అది వినపడాలి. ఒక గొంతు తగ్గిందంటే మమ్మల్ని ఇక్కడ చంపేశారేమోనని మన దేశం వాళ్ళు అనుకుంటారు, అంతే, రెండు దేశాల్లోనూ కుర్రాళ్ళు బాంబుల మీటల దగ్గర కూర్చుంటారు. అందుకని రెండో రోజు నుంచీ పిల్లని రోజూ పిలుపుకి తీసుకెళ్ళాల్సి వస్తోంది. అది ఏడవాలి.

ఇవాళ ఏడవలేదు. నా భుజం మీద హాయిగా నిద్రపోతోంది. గొట్టం ముందు పెట్టాను, కదిలించాను, పేరు లేదు గనక బంగారూ అని పిలిచాను. పెదవులు చప్పరించి మళ్ళీ పడుకుంది. గోడ మీది ఎర్రదీపం వెలిగింది. కూత మొదలైంది. కాపలావాళ్ళు పరిగెడుతున్నారు. వరసలో ఆడవాళ్ళు పిల్లల్లా ఒకరినొకరు పట్టుకున్నారు. పైడి దూరం నుంచి చేతులు చాపుకుంటూ వస్తోంది గాని అందదు. తెల్మిక్ బాబు నా వైపు చూసి, త్వరగా, దయచేసి త్వరగా అంటున్నాడు.

దాని అరికాలు గిల్లాను. గట్టిగా గిల్లాను.

కెవ్వుమంది. దీపం ఆరిపోయింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు, కొందరు నా వీపు తట్టారు కూడా. అరికాలి మీద నా గోటి గుర్తు పడింది. పైడి దాన్ని చూసింది, నన్ను చూడలేదు. తొమ్మిది రోజుల పిల్లని ఏడిపిస్తే తప్ప రెండు దేశాలు నిద్రపోలేవట.

పదకొండో రోజు

ఇవాళ పురుడు, పేరు పెట్టాల్సిన రోజు. తెల్మిక్ బాబు కాగితాలు పట్టుకుని వచ్చాడు. పేరు రాసి, ఇంటి పెద్దగా నేను వేలిముద్ర వేస్తే పిల్ల లెక్కలో స్థిరపడుతుంది, నాకు బండి వస్తుంది.

శంభు పంతులు గారు వేళ్ళు లెక్కపెట్టి, ఇవాళ నక్షత్రం మంచిది కాదు బాబూ అన్నారు. ఎప్పుడు బాగుంటుందని ఆ కుర్రాడు మర్యాదగా అడిగాడు. చూడాలి అన్నారు. ఆయన దగ్గర పంచాంగమే లేదు. మబ్బు విడిస్తేగా ఈ దేశం ఆకాశంలో నక్షత్రాలు కనబడేది. మేమంతా నేలచూపులు చూశాం. పేరు లేనిదే కాగితం లేదు, కాగితం లేనిదే లెక్క లేదు. ఆ సంగతి మూత మీద అందరికీ ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది.

ఇరవై అయిదో రోజు

పురుడు అయిన నాలుగు రోజులకి తెల్మిక్ బాబు మళ్ళీ వచ్చాడు. తిథి బాగాలేదన్నారు. ఆ తరవాత వస్తే వర్జ్యం అన్నారు. మొన్న వచ్చినప్పుడు తెల్మిక్ బాబు, పంతులు గారూ, మీ దేశములో శిశువులకు నామకరణము ఎన్నడైనను జరుగునా అని అడిగాడు. నవ్వాడు కూడా. కాని వాడి పైవాళ్ళు నవ్వేరకం కాదు. మూతల మీది జనాన్ని చూసిపోయే వైద్యుల కమిటీ వచ్చేదాకానే గడువిచ్చారు. ఈ లోపల పొద్దున్న పొద్దున్న పిల్లని గొట్టానికి మోస్తూనే ఉన్నాం. ఇప్పుడు గిల్లేది పైడి. తాతయ్య గిల్లాడని అది రేపు అనుకోకూడదు నానా అంది.

ఇంటి మీద బెంగ కూడా ఉంది నాకు, ఎందుకు దాచాలి. సింహాచలం చేతి చింతపండు పులుసు, మా వీధి కుళాయి దగ్గర ఆడవాళ్ళ తగువులు, మిల్లు కూత. ఒక్క వేలు ఆనిస్తే ఇవన్నీ నావే. రోజూ వేలు చూసుకుంటున్నాను.

ఇరవై తొమ్మిదో రోజు

వైద్యులు వచ్చారు. వాళ్ళు ఏ దేశం పక్షమూ కాదు. పెద్ద డాక్టరమ్మ పేరు నజీమా, బాంబులు లేని ద్వీపాల మనిషి. పిల్లని తూచింది, చెవులు చూసింది, అరికాలు చూసింది. అక్కడ ఎక్కువసేపు ఆగింది.

ఆవిడ మాటల్ని తెల్మిక్ బాబే మాకు తెలుగులో చెప్పాడు. బాంబులు లేని దేశాలన్నీ కలిసి వీటిని పూర్తిగా నిషేధిస్తూ ఒక చట్టం రాశాయట. విషవాయువు వాడకూడదని ఒకప్పుడు లోకమంతా ఒప్పుకున్నట్టే ఇదీను. కొన్ని దేశాలు సంతకం పెట్టాయి, కొన్ని పెట్టలేదు. పూచీ మనుషులుంటే చాలు, బాంబులుండొచ్చు అని మన పెద్దలూ వీళ్ళ పెద్దలూ ఒకే మాట మీద ఉన్నారట. ఆ ఒక్క విషయంలోనే వాళ్ళకి పొత్తు కుదిరింది.

పేలితే మీరు వస్తారా అమ్మా అని పైడి అడిగింది.

డాక్టరమ్మ జవాబుని తెల్మిక్ బాబు మెల్లగా చెప్పాడు. "నేను రాను. రాలేను. ఎవరును రాలేరు. కాలినవారిని పడుకోబెట్టుటకు లోకములోని మంచములన్నియు చాలవు. సాయము చేయుటకు వీలులేనిదానిని ఆపుట ఒక్కటే వైద్యము."

రేపు కాగితం పని పూర్తి చేయాలట.

ముప్పయ్యో రోజు

జరిగింది జరిగినట్టు రాస్తాను.

కొత్త పూచీ మనిషి వచ్చినప్పుడల్లా ఒక ఆనవాయితీ ఉంది. కింద ఏముందో, అది పేలితే ఏమవుతుందో ఒక కాగితం చదివి వినిపిస్తారు. గొట్టం తెరిచి ఉంచుతారు, రెండు దేశాలూ వినాలి. చివర్న నీకు సమ్మతమేనా అని మూడుసార్లు అడుగుతారు. అవును అన్నవాళ్ళే మూత మీద ఉండాలి. ఇష్టపడి వచ్చినవాళ్ళు తప్ప ఎవరూ బాంబుల మీద లేరని రెండు దేశాలూ లోకానికిచ్చిన మాట అది. ఒప్పందంలో మొదటి షరతు. మాకూ చదివారు. చీటీ పడ్డాక ఇంకేమంటాం, అవునన్నాం.

పేరు తరవాత రాసుకోవచ్చు, చిన్నపిల్లకి చదవడం ఎందుకు, పెద్దాయన వేలిముద్ర చాలు అన్నారు పైవాళ్ళు. సిరాబిళ్ళ నా ముందు పెట్టారు.

పైడి పిల్లని ఎత్తుకుని గొట్టం ముందుకొచ్చి నిలబడింది. "నాకు సదివినట్టే దీనికీ సదవండి బాబూ. ఇది మనిషేగా. మనిషని లెక్కేసినారుగా."

డాక్టరమ్మ ఏదో అంది. పైవాళ్ళు వాళ్ళలో వాళ్ళు గుసగుసలాడారు. గొట్టం తెరిచే ఉంది, అప్పటికే పైడి మాట వెళ్ళిపోయింది. చదవక తప్పలేదు.

తెల్మిక్ బాబు కాగితం పట్టుకుని పిల్ల మొహంలోకి వంగాడు. అది మెలకువగా ఉంది. వాడి కోటు బొత్తాం మెరుస్తుంటే దాన్నే చూస్తోంది.

"నీవు నిలుచున్న చోటు క్రింద ఆయుధము కలదు" అని చదివాడు. "అది ప్రేలినచో ముందుగా వెలుగు వచ్చును. ఆ వెలుగును చూచినవారికి మరల చూపు ఉండదు. పిదప వేడిమి. దగ్గర ఉన్నవారి శరీరములు మిగలవు. దూరమున ఉన్నవారి చర్మము..." కాగితం మొహానికి దగ్గరగా పట్టుకున్నాడు. "చర్మము వస్త్రము వలె ఊడిపోవును. నీరు త్రాగినచో రోగము. వాన కురిసినచో రోగము. నీ బిడ్డలకును, వారి బిడ్డలకును..."

పిల్ల ఆవులించింది. బోసినోరు, చిన్న నాలుక.

"వారి బిడ్డలకును" అన్నాడు మళ్ళీ. ఆ వాక్యం దాటలేకపోయాడు. కాగితం కిందికి దించి అడిగాడు.

"నీకు సమ్మతమేనా?"

పిల్ల బొత్తాం వైపు చెయ్యి విసిరింది.

"నీకు సమ్మతమేనా?"

మూడోసారి అడిగేటప్పుడు వాడి గొంతు పుస్తకం గొంతు కాదు. తరవాత అందరూ నా వైపు తిరిగారు. సిరాబిళ్ళ తడిగా మెరుస్తోంది. బండి గేటు బయటే ఉంది, ఇంజను చప్పుడు వినపడుతోంది. అబద్ధం ఎందుకు, ఆ క్షణంలో కూడా నాకు సింహాచలం కనిపించింది, గుమ్మం దగ్గర మోకాళ్ళు రాసుకుంటూ. బొటనవేలు మడిచి పిడికిలిలోకి దాచుకున్నాను.

"దాని మాట అదే సెప్తాది బాబూ. మాటలొచ్చీదాకా ఆగండి."

పైవాళ్ళలో ఒకాయన ఏదో అరిచాడు. తెల్మిక్ బాబు కాగితం మీద రాసి, గొట్టంలోకి గట్టిగా చదివాడు. "ప్రశ్న ముమ్మారు అడగబడినది. సమ్మతి లభింపలేదు."

నలభై ఒకటో రోజు

ఎక్కడ మొదలుపెట్టను! సంతోషం పట్టలేక పొద్దున్నుంచి మూత చుట్టూ తిరుగుతున్నాను. ఇంతకుముందు రాసిన మాటలే మళ్ళీ రాస్తే మన్నించండి.

ఇష్టపడని మనిషి ఒక్కరు పైన ఉన్నా కింద బాంబులు సిద్ధంగా ఉంచకూడదు. ఒప్పందం రాసింది రెండు దేశాల పెద్దలే, ఒకరు చింపితే రెండోవాళ్ళు ఊరుకోరు. తల్లినీ పిల్లనీ పంపేద్దామా అంటే ఒకరు తగ్గిపోతారు, మళ్ళీ చీటీలు వేయాలి. చీటీలంటే మన ఊళ్ళల్లో జనం ఇళ్ళల్లోంచి రావడం లేదట. ఆ రోజు రేడియో విన్నవాళ్ళు పని మానేసి రచ్చల్లో కూర్చున్నారట. వీళ్ళ దేశంలోనూ అంతేనట. చేసేది లేక నిన్నట్నుంచి కింద సామాను విప్పుతున్నారు. పెట్టెల్లో పెట్టి, డాక్టరమ్మ మనుషులు ముద్ర వేస్తుండగా లారీల్లో తీసుకుపోతున్నారు.

యంత్రంలోంచి పిల్ల గొంతు తీసేశారు. ఇవాళ పిలుపు జరుగుతుంటే అది ఉయ్యాల్లో నిద్రపోతోంది. ఎవరూ లేపలేదు.

అటు మన దేశంలో ఉన్న మూత మీద కూడా కదిలింది. అక్కడ ఒక గర్భిణి ఉందట, కడుపు మీద చెయ్యి పెట్టుకుని గొట్టం ముందుకొచ్చి, నా బిడ్డకి కూడా చదవండి అందట. మన అధికారి చదవలేకపోయాడట. ఈ కబురు చెప్పడానికి తెల్మిక్ బాబు పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఆమె వాడి సొంత చెల్లెలు, ఇర్సా. ఆమె అక్కడుందని ఇన్నాళ్ళూ మాకు చెప్పనేలేదు.

అన్నీ అయిపోయాయని కాదు. ఇలాంటి మూతలు లోకంలో ఇంకా ఉన్నాయి. నిషేధం చట్టం మీద ఈ నెల్లో రెండు దేశాలే సంతకం పెట్టాయి, మనదీ వీళ్ళదీ కాదు. మేం కూడా ఇంకా ఇక్కడే. పిల్ల లెక్కలో లేదు కాబట్టి నేను ఉన్నాను, నా బండి ఖాళీగా వెళ్ళిపోయింది. గోడ అలాగే ఉంది. అయినా ఇంత సంతోషం నా బతుకులో ఎరగను.

శంభు పంతులు గారు పొద్దున్నే వచ్చి, ఇవాళ దివ్యమైన రోజు అన్నారు. ఎలా తెలిసిందో అడగలేదు. పేరు పెట్టాం. నూకరత్నం.

ఈ పేజీ చదివే బాబులూ, ఈ కిందివాళ్ళకి కబురు తప్పకుండా అందజేయండి.

మా ఆవిడ బొడ్డు సింహాచలం, విజయనగరం, మిల్లు వెనక వీధి. ముందు కూర్చోబెట్టండి. పిల్ల పేరు చెప్పండి, ముక్కు సంగతి చెప్పండి. నేను రావడం లేదని ఆఖర్న చెప్పండి.

మా అన్న తవిటయ్య, చీపురుపల్లి. ఎడమ చెవిలో చెప్పాలి.

మా చెల్లెలు అప్పయ్యమ్మ, గరివిడి. ఏడుస్తుంది, కంగారు పడొద్దు, శుభానికీ ఏడుస్తుంది.

వియ్యంకుడు గారు, వియ్యపురాలు గారు, బొబ్బిలి. పిల్లకి వాళ్ళ పోలిక బాగా ఉందని చెప్పండి.

తోడల్లుడు సన్నిబాబు, ఎక్కడుంటే అక్కడ. పాత తగువు వదిలేశానని చెప్పండి.

ఇర్సా, తెల్మిక్ బాబు చెల్లెలు, మన మూత మీద. నెలలు నిండుతున్నాయి. చుట్టం కాదు కదా అని ఎవరైనా అంటే వినొద్దు. మా అప్పయ్యమ్మని తోడు పంపండి, పురుళ్ళు పోసిన చెయ్యి. ఇర్సాకి అన్న క్షేమమని చెప్పండి. ఇక్కడ ఒక తాత ఉన్నాడనీ చెప్పండి.